క్రయోథెరపీ తర్వాత మళ్లీ బ్రాంకోస్కోపీ ఎందుకు?

మీ నాన్నగారి ఎడమ శ్వాసనాళంలోని కణితికి క్రయోథెరపీ (అతిచల్లదనంతో కణితిని గడ్డకట్టించి చంపే చికిత్స) చేసినా ఆయాసం తగ్గలేదనీ, వారంలోపే మళ్లీ బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టాన్ని శ్వాసనాళంలోకి పంపి చూసే ప్రక్రియ) అంటున్నారనీ రాశారు. ఇది చికిత్స విఫలమైనట్టు కాదు, ఆ పద్ధతి తీరే అంత. ప్రోబ్ (కణితికి తాకించే సన్నని సాధనం) కొనలో నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి సుమారు మైనస్ 89 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబడటంతో, తాకినచోట తెల్లని మంచుగడ్డ కడుతుంది. దాన్ని కరగనిచ్చి మళ్లీ గడ్డకట్టించడం వల్ల కణాలు పగిలి, సన్నని రక్తనాళాలు పూడుకుపోతాయి గానీ, కణితి చచ్చి ఊడిరావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ మృతకణజాలాన్ని తీసివేయడానికే రెండోసారి. నాళం గోడలోని మృదులాస్థి (మెత్తని ఎముకలాంటి కణజాలం) చలిని బాగానే తట్టుకుంటుంది కనుక, మీరు భయపడినట్టు నాళానికి చిల్లు పడే అవకాశం తక్కువ. లేజర్ చికిత్సలో ఉండే నిప్పు ప్రమాదమూ ఇక్కడ లేదు. ఊపిరే అందని స్థితిలో మాత్రం ఈ నెమ్మది పద్ధతి పనికిరాదు. కాబట్టి ఈలోగా ఆయాసం పెరిగినా, దగ్గితే రక్తం ఎక్కువగా పడినా, ఇచ్చిన తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.