చోకెకిరావ్ ట్రెక్ మూడు రోజుల్లో అవుతుందా?

పెరూలో మచు పిక్చు రద్దీ వద్దనుకుని, కచోరా అనే కొండ ఊరి మీదుగా చోకెకిరావ్ అనే ఇంకాల నాటి ఊరి శిథిలాలకి నడిచి మూడు రోజుల్లో తిరిగి రావచ్చా అని అడిగారు. నడక వరకు అయిపోతుంది. కానీ శిథిలాలు చూడ్డానికి ఒక పూటే మిగులుతుంది, అదీ అలిసిపోయిన కాళ్లతో. అంత దూరం వెళ్లి అలా వచ్చేయడం అన్యాయం. నాలుగు రోజులు పెట్టుకోండి.

ఇది కొండెక్కి దిగే ట్రెక్ కాదు, ముందు లోయలోకి దిగాలి. నడక మొదలుపెట్టే కపులియోక్ సుమారు 2,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అపురిమాక్ నది ఒడ్డున ప్లాయా రొసలీనా దాదాపు 1,500. అవతలి గట్టు మీద మరంపాటా అనే చిన్న ఊరు మళ్లీ 2,900. వచ్చేది కూడా ఇదే దారి, కాబట్టి 1,400 మీటర్ల ఎక్కుడు రెండుసార్లు తప్పదు, రెండోది తిరుగు ప్రయాణంలో ఉంటుంది. మొదటిరోజు దిగుడులో మోకాళ్లు పాడుచేసుకున్నవాళ్లు ఇబ్బంది పడేది అక్కడే. రెండు కర్రలు తప్పకుండా పట్టుకెళ్లండి. కాలి గోళ్లు ముందే కత్తిరించుకుని, దిగే ముందు బూటు లేసులు చీలమండ దగ్గర గట్టిగా బిగించండి. లేకపోతే పాదం ముందుకు జారి వేళ్లు బూటుకి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి.

కుస్కో నగరం నుంచి అబన్కాయ్ వెళ్లే బస్సెక్కి కచోరా మలుపు దగ్గర దిగితే, ఊళ్లోకి టాక్సీలు ఉంటాయి. ఆ రాత్రి కచోరాలో పడుకుని తెల్లవారుజామున కపులియోక్ దాకా బండిలో వెళ్లండి. అంతవరకు మట్టి రోడ్డే, దాన్ని నడిచి సాధించేదేమీ లేదు. డబ్బు మాత్రం కుస్కోలోనే నోట్లుగా తీసుకోండి, దారిలో కార్డులు పనిచేస్తాయని నమ్ముకోవద్దు. వంట స్టవ్‌కి గ్యాస్ డబ్బా కూడా కుస్కోలోనే కొనాలి, విమానంలో తేనివ్వరు.

మొదటిరోజు చికిస్కా మజిలీ మీదుగా నది దాటి, అవతలి ఎక్కుడు మధ్యలో ఉన్న శాంటా రోసా మజిలీలో టెంట్ వేసుకోండి. నది దగ్గరే ఆగిపోతే మర్నాడు ఎక్కుడంతా ఒకేసారి మీద పడుతుంది. లోయ అడుగు ఎండిపోయి ముళ్లపొదలతో ఉంటుంది, నీడ బాగా తక్కువ. ఇక్కడ జనాన్ని పడగొట్టేది ఎత్తు కాదు, ఎండ. అందుకే రెండోరోజు చీకటుండగానే, నాలుగున్నరకల్లా బయల్దేరితే ఎండ ముదరకముందే మరంపాటా చేరతారు. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి. మజిలీల్లో దొరికే నీళ్లు శుద్ధి చేసుకునే తాగాలి.

నది ప్రాంతంలో కంటికి సరిగా ఆనని చిన్న కుట్టుడు ఈగలు ఉంటాయి. కుట్టినప్పుడు పెద్దగా తెలియదు. కాసేపటికి చిన్న రక్తపు చుక్కతో దద్దురు లేస్తుంది, ఆ దురద రోజుల తరబడి వదలదు. నిక్కర్లు వద్దు. ఫుల్ ప్యాంటు వేసుకుని అంచులు సాక్స్‌లోకి దోపండి. చీలమండలకి, మణికట్లకి పురుగుల్ని దూరంగా ఉంచే డీట్ అనే రసాయనం ఉన్న మందు రాయండి, చెమటకి పోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ రాయాలి.

మరంపాటా నుంచి శిథిలాలకి ఇంకో గంటన్నర, రెండు గంటలు. రెండోరోజు మధ్యాహ్నం పై చౌకు, కింది చౌకు, శిఖరాన్ని చదును చేసి కట్టిన ఉస్ను అనే పూజా వేదిక చూడండి. మూడోరోజు లామా (ఒంటె జాతి జంతువు) బొమ్మలున్న మెట్లు మెట్లుగా కట్టిన పొలాలకి కేటాయించండి. పడమటి వాలు మీద నల్లరాతి గోడల్లో తెల్లరాళ్లు పొదిగి లామా బొమ్మలు తీర్చారు. గోడకి ఆనుకుని నిలబడితే అవి తెల్లరాళ్లలాగే ఉంటాయి. కాస్త దూరంగా వెళ్లి చూస్తేనే మెడ, కాళ్లు, గుంపు నడక తెలుస్తాయి. ఎండ గోడల మీద పడే మధ్యాహ్నం ఇంకా స్పష్టం. అక్కడికి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, తిరిగి పైకి రావడానికి చాలినంత సమయం, నీళ్లు మిగుల్చుకోండి. మూడు రోజుల ప్లాన్‌లో కోతపడేది ఇదే, నా దృష్టిలో మొత్తం ట్రెక్‌కి ప్రాణమూ ఇదే.

ఇంకా ఓపిక ఉంటే ఆ సాయంత్రమే శాంటా రోసాకి దిగిపోండి, లేదంటే మరంపాటాలో పడుకుని నాలుగోరోజు చీకట్లోనే బయల్దేరండి. సామాను బరువనిపిస్తే కచోరాలో కంచర గాడిదని, దాన్ని తోలే మనిషిని కుదుర్చుకోవచ్చు. బేరమాడేటప్పుడు గాడిద కిరాయి, మనిషి కూలి, మధ్యలో ఆగే రోజు, తిరుగు దారి అన్నీ కలిపి మొత్తం ఎంతో తేల్చుకోండి. దారిలో గాడిదలు ఎదురైతే లోయ అంచువైపు కాకుండా కొండవైపు ఒదిగి నిలబడండి, వాటి మీది మూటలు మనిషిని నెట్టేస్తాయి.

మే నుంచి అక్టోబర్ లోపల వెళ్లండి. జనవరి, ఫిబ్రవరి వానల్లో కొండచరియలు పడి దారి మూసుకుపోవచ్చు.