తొమ్మిది రీళ్లు ఇచ్చానని ఎలా రుజువు చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారు 1979-82 మధ్య సూపర్ 8 కెమెరాతో తీసిన 9 రీళ్లను డిజిటల్ చేయించడానికి 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక స్టూడియోకు ఇచ్చాను. చనిపోయిన మా అమ్మ నడుస్తూ, నవ్వుతూ కనిపించేది వాటిలోనే. ఏప్రిల్ 6న మొత్తం డబ్బు తీసుకుని పెన్‌డ్రైవ్, రీళ్లున్న డబ్బా ఇచ్చారు. సెప్టెంబరులో తెరిస్తే ఐదే ఉన్నాయి. అడిగితే మొదట "నాలుగు వెనిగర్ వాసన వచ్చి పాడయ్యాయి" అన్నారు, ఇప్పుడు "మీరిచ్చినవే ఐదు" అంటున్నారు. రసీదులో "ఫిల్మ్ డబ్బా 1" అని మాత్రమే ఉంది. అక్కడ పని మానేసిన కుర్రాడితో 9 రీళ్లని పాత తేదీ వేసి రసీదు రాయిస్తానంటున్నాడు మా మరిది. లేదా పోలీసు కేసు పెట్టాలా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో మూడు పేజీలు అమ్మగారి గురించే. కేసు తేలేది మాత్రం మీరు చివర జత చేసిన స్క్రీన్‌షాట్ దగ్గర. స్టూడియో వాళ్లే పంపిన వాట్సాప్ మెసేజ్ అది: "రీలుకు 2000, మొత్తం 18000." మీరు యూపీఐలో కట్టిందీ 18,000. అంటే తొమ్మిది రీళ్లకు డబ్బు తీసుకున్నారు. 50 అడుగుల సూపర్ 8 రీలు సెకనుకు 18 ఫ్రేముల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది 16 నిమిషాల 40 సెకన్లు, సరిగ్గా ఐదు రీళ్లు. తొమ్మిదింటికి డబ్బు తీసుకుని ఐదే ఇచ్చారు. రసీదులో లేని లెక్క ఇక్కడ దొరికింది.

"వెనిగర్ వాసన" మాట మెసేజ్‌లో ఉందా, ఫోన్‌లో అన్నారా? మెసేజ్‌లో ఉంటే ఆ నాలుగూ తమకు అందాయని వాళ్లే ఒప్పుకున్నట్టు. పాత అసిటేట్ ఫిల్ముకు ఆ వాసన రావడం నిజమే. కానీ పాడైన రీలు కూడా మీదే, తిరిగి ఇవ్వాల్సిందే. కాంట్రాక్టు చట్టం 151, 160, 161 సెక్షన్ల ప్రకారం, అప్పగించిన వస్తువును జాగ్రత్తగా చూసి తిరిగి ఇవ్వడం వాళ్ల బాధ్యత. మీరు ఇచ్చినట్టు రుజువైతే, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపాల్సింది వాళ్లే.

మీ మరిది సలహాను ఈ రోజే ఆపేయండి. పాత తేదీతో రసీదు పుట్టించడం దొంగ సాక్ష్యం సృష్టించడమే. న్యాయ విచారణలో దాన్ని వాడితే భారతీయ న్యాయ సంహిత 229 కింద 7 ఏళ్ల వరకు శిక్ష. పైగా ఆ కాగితం దొంగదని తేలితే, మీ దగ్గరున్న నిజమైన మెసేజ్‌ను కూడా ఎవరూ నమ్మరు. గెలిచే కేసును మీ చేత్తో మీరే పాడు చేసుకుంటారు.

పోలీసు కేసు కూడా ఇప్పుడు వద్దు. దురుద్దేశం చూపలేకపోతే సివిల్ తగాదా అంటారు. స్టేషన్ చుట్టూ తిరిగేలోపు గడువు పోతుంది. మీరు వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. అక్కడ ఫిర్యాదుకు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 కింద గడువు రెండేళ్లు. సెప్టెంబరులో తెలిసిందని మీరంటారు, డబ్బా అందిన ఏప్రిల్ 6 నుంచే లెక్క అని వాళ్లంటారు. ముందున్న తేదీనే పట్టుకోండి. అంటే 2026 ఏప్రిల్ 5లోపు దాఖలు చేయాలి, ఇంకా నెల రోజులే ఉంది. నోటీసు ఇచ్చినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా ఆ గడువు పెరగదు.

ఒక్క మాట కోపంగానే అంటున్నాను. అంత విలువైన రీళ్లను లెక్క రాయించుకోకుండా ఎలా ఇచ్చారు? డబ్బా విప్పకుండా మొత్తం డబ్బు ఎలా కట్టారు? ఐదు నెలలు పెన్‌డ్రైవ్ తెరవకపోవడం ఇంకా పెద్ద తప్పు. కమిషన్‌లో వాళ్ల లాయరు మొదట అడిగేది ఇదే.

ఇప్పుడు చేయాల్సింది: ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. చాట్ ప్రింట్లకు, అవి ఆ ఫోన్‌లోవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ జత చేయండి. కమిషన్ సాక్ష్య చట్టాన్ని అంత ఖచ్చితంగా పట్టుకోదు, అయినా అభ్యంతరానికి సందు ఇవ్వొద్దు. స్పీడ్ పోస్టులో 10 రోజుల గడువుతో నోటీసు పంపి, జవాబు వచ్చినా రాకపోయినా గుంటూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. మీరు ఉండే ఊళ్లో వేయొచ్చు, హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. మొదటి కోరిక డబ్బు కాదు, నాలుగు రీళ్లు. వాటిని పారేయకుండా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి. నాలుగు రీళ్ల డబ్బు వాపసు, మానసిక వేదనకు పరిహారం ఆ తర్వాత. తిరిగొచ్చిన ఐదు రీళ్లను చల్లని, పొడి చోట పెట్టి, ఫైళ్లకు ఇంకో రెండు కాపీలు తీయించండి.