కిరాణా కొట్టు పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉద్యోగం మానేసి మంగళగిరిలో కిరాణా కొట్టు పెట్టాలనుకుంటున్నావని, జనం తామే బుట్ట పట్టుకుని సరుకు తీసుకునే పద్ధతిలో దాన్ని నడపాలని నీ ఉద్దేశమని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తెనాలిలో నలభై ఏళ్లు కొట్టు నడిపినవాడిని కనుక వద్దని అనను. అయితే గది అడ్వాన్సు కట్టకముందే కొన్ని సంగతులు నీ చెవిన వేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొత్తగా కొట్టు పెట్టేవాళ్లందరూ ముందు అడిగే ప్రశ్న ఏ సరుకు మీద ఎంత మిగులుతుందని. అది సగం ప్రశ్న. ఆ సరుకు ఎన్ని రోజులకొకసారి తిరుగుతుందన్నది మిగతా సగం. వంటనూనె మీద నూటికి మూడు రూపాయలే మిగిలినా, వారానికొకసారి ఆ నూరు చేతికి తిరిగి వస్తే ఏడాదికి నూట యాభై పైనే అవుతుంది. అగరొత్తుల మీద నూటికి పాతిక మిగిలినా, ఏడాదికి రెండుసార్లే ఖాళీ అయితే వచ్చేది యాభై. అందుకే అలమరలు నిండుగా ఉన్న కొట్టును చూసి అసూయపడకు. ఆ నిండుదనంలో ఎంత భాగం వడ్డీకి తెచ్చిన డబ్బో, ఎంత భాగం దుమ్ము పట్టిన పెట్టుబడో బయటివాళ్లకు కనిపించదు.

ఈ మాట నాకు చింతపండు నేర్పింది. ఒక ఏడాది కొత్త చింతపండు దిగిన రోజుల్లో ధర పడిందని, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఇరవై బస్తాలు కొన్నాను. వానాకాలానికి ధర పెరుగుతుందన్న నా లెక్క తప్పలేదు, ధర పెరిగింది. కానీ శీతల గిడ్డంగిలో పెట్టే ఖర్చుకు వెనకాడి, కొట్టు వెనక గదిలో సరుగుడు కర్రల మీద పేర్చాను. శ్రావణం వచ్చేసరికి ఎర్రటి పండు నల్లబడి, బస్తా విప్పితే చేతికి జిగటగా అంటుకునేది. వరలక్ష్మీ వ్రతం పులిహోరకు నల్ల చింతపండు ఎవరు కొంటారమ్మా? చివరికి హోటళ్లకు కొన్న ధర కంటే తక్కువకే ఇచ్చి వదిలించుకున్నాను. వడ్డీ వేరే కట్టాను.

పెద్ద కొట్లకూ ఇదే లెక్క. చెన్నైలో 1997లో మొదలై దేశమంతటా 1,600 పైచిలుకు దుకాణాలు తెరిచిన సుభిక్ష 2009 నాటికి మూతపడింది. అప్పు మీద విస్తరించి, రోజువారీ సరుకుకు చేతిలో నగదు ఆడకపోవడమే దానికి కారణం.

ఇక చోటు. గది అందం చూడవద్దు, ఆ వీధిలో నిలబడి చూడు. మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి ఎంచుకుని పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఆ గది ఎదుట కూర్చుని, ఎవరు ఎటు నుంచి ఎటు వెళ్తున్నారో, చేతిలో ఏ కొట్టు సంచి ఉందో కాగితం మీద గుర్తు పెట్టుకో. ఇంటికి తిరిగి వెళ్లే దారికి ఎడమ పక్కన ఉండే కొట్టుకు, బండి ఆపుకొనే జాగా ఉన్న కొట్టుకు ఉన్న విలువ అద్దె కాగితంలో కనబడదు.

అద్దె సంగతి అంకెల్లోనే చెబుతాను. నెలకు ఆరు లక్షల అమ్మకం జరిగి, అన్ని సరుకుల మీద సగటున నూటికి పది మిగిలితే అరవై వేలు. అందులో అద్దె పద్దెనిమిది వేలు, ఇద్దరు పనివాళ్లకు ఇరవై ఆరు వేలు, కరెంటుకు ఆరు వేలు పోతే నీ చేతికి పది వేలు. అమ్మకం ఐదు లక్షలకు జారితే నీకు మిగిలేది సున్నా, కానీ పైన చెప్పిన మూడు ఖర్చులకూ కట్టవలసినది పైసా తగ్గదు. మొదటి ఆరు నెలల ఇంటి ఖర్చు కొట్టు డబ్బుతో కలవకుండా విడిగా బ్యాంకులో ఉంటేనే తాళం తెరువు. గల్లాపెట్టెలో సాయంత్రం కనిపించే నోట్లలో చాలావరకు మర్నాడు వచ్చే డిస్ట్రిబ్యూటరువే.

సరుకు ఎంపికలో పుస్తకాల కంటే ఊరు చెప్పేది వినాలి. మంగళగిరి నేతగాళ్ల వీధుల్లో చేతికి డబ్బు వచ్చిన రోజున, ఆ రోజుకు సరిపడా కొనే ఇళ్లు ఉంటాయి. వాళ్లకు పావుకిలో పప్పు తూచి, చిన్న నూనె ప్యాకెట్టు ఇవ్వగలగాలి. కొత్త అపార్టుమెంట్లవాళ్లు నెల సరుకు ఒక్కసారే చీటీ పంపుతారు. పానకాల స్వామి ఉన్న ఊరిలో మంచి బెల్లం, మిరియాలు, ఏలకులు ఎప్పుడూ ఉండాలని నేను వేరే చెప్పనక్కరలేదు. బెల్లం మాత్రం వానాకాలంలో పది రోజులకు మించి నిల్వ పెట్టకు. చెమ్మ పట్టి నీరు కారుతుంది, ఆరితే తూకం తగ్గుతుంది, రెండు విధాలా నష్టం నీదే. వేసవిలో ఆవకాయ రోజులు వస్తాయి. ఆవపిండి, కారం, కళ్లుప్పు, పప్పునూనె నాలుగూ ఒకే చోట పెట్టు. ఒకటి కొనడానికి వచ్చిన ఇల్లాలు నాలుగూ పట్టుకెళ్తుంది.

సర్దడంలో ఒక్క జాగ్రత్త: టీ పొడికి, పిండ్లకు దగ్గరలో సబ్బులు, అగరొత్తులు పెట్టవద్దు. టీ పొడి పక్కనున్న వాసనను పీల్చుకుంటుంది, ఆ ఫిర్యాదు కంపెనీకి కాక నీకు వస్తుంది. పాత సరుకు ముందుకు, కొత్త సరుకు వెనక్కు జరపడం రోజూ చేయాల్సిన పని. పనివాడికి వదిలేస్తే వాడు చేతికి అందిన చోట పెడతాడు.

కాగితాల పని విసుగే అయినా వాయిదా వేయకు. ఆహార పదార్థాలు అమ్ముతావు కనుక కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నీ అమ్మకాన్ని బట్టి నమోదో లైసెన్సో తీసుకుని, ఆ పద్నాలుగు అంకెల సంఖ్య కనబడేలా గోడకు తగిలించాలి. మునిసిపల్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ నమోదు కూడా కావాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మే దుకాణానికి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పదు. పైన వేసిన నెల లెక్క ప్రకారం నువ్వు దాటుతావు. కోటిన్నర లోపు ఉన్నంతకాలం కాంపోజిషన్ అనే సులభ పద్ధతిలో అమ్మకం మీద నూటికి ఒక రూపాయి పన్ను కట్టవచ్చు కానీ, ఆ పన్ను కొనేవాళ్ల దగ్గర వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను నీకు తిరిగి రాదు. ఏది లాభమో ఆడిటరుతో కూర్చుని తేల్చుకో. బియ్యం కొట్లలో 26 కిలోల బస్తాలు ఎందుకు కనిపిస్తాయో తెలుసా? 2022 జులై నుంచి లేబులు వేసి ప్యాక్ చేసిన 25 కిలోలు, అంతకు లోపు బియ్యం బస్తాల మీద 5 శాతం పన్ను పడింది. మిల్లులవాళ్లు ఒక కిలో పెంచి దాన్ని తప్పించుకున్నారు.

డిస్ట్రిబ్యూటర్ల కుర్రాళ్లు రెండో వారం నుంచే స్కీములు తెస్తారు. పన్నెండు కొంటే ఒకటి ఉచితమనగానే నలభై డజన్లు తీసుకోవద్దు. నీకు నెలలో అమ్ముడుపోయేది మూడు డజన్లయితే మూడే తీసుకో. గడువు దాటిన సరుకు వాపసు తీసుకుంటారో లేదో మొదటి బిల్లు రోజునే రాయించుకో. నోటి మాట నమ్మితే ఆ కుర్రాడు ఉద్యోగం మారిన రోజున ఆ మాట కూడా వెళ్లిపోతుంది.

అరువు విషయంలో మీ ఆయన కచ్చితంగా వద్దంటున్నాడట. నేను అంత కఠినంగా చెప్పను. చీటీతో నెల సరుకు కొనే ఇళ్లకు పరిమితి పెట్టి ఇవ్వు, ఐదో తేదీ దాటితే పాత పద్దు తీరేదాకా కొత్త పద్దు రాయవద్దు. బంధువులకు, మీ అత్తగారి వైపువాళ్లకు కూడా అదే పద్ధతి. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లను చూసి ధర తగ్గించే పోటీకి దిగకు. ఫోనులో వచ్చిన చీటీకి సాయంత్రంలోగా సరుకు చేర్చి, పురుగు పట్టిన కందిపప్పును మారుమాట లేకుండా మార్చి ఇస్తే, ఆ ఇల్లు మళ్లీ నీకే చీటీ పంపుతుంది.

వచ్చే ఆదివారం ఆ వీధిలో లెక్కపెట్టిన కాగితం, గది యజమాని అడిగిన అద్దె, నీ దగ్గరున్న సొమ్ము మూడూ పట్టుకుని తెనాలి రా. అల్లుడిని కూడా తీసుకురా. సోమవారం తెల్లవారుజామున విజయవాడ పక్కనున్న గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టుకు నేనే వెంట వచ్చి, అక్కడ ఏ పప్పు ఎలా పట్టి చూడాలో చూపిస్తాను.

ఇట్లు,
మామయ్య