ముందు కాగితం, తర్వాతే పెన్ను

చి. సౌమ్యకి,

ఆశీస్సులు. నువ్వు పంపిన లిస్టు చూశాను. ఫౌంటెన్ పెన్నులు డజను దాకా ఉన్నాయి, ఇంకు రంగులు అంతకు రెట్టింపు. "ఇందులో ఏది కొనమంటావు పెదనాన్నా?" అని అడిగావు. అన్నీ రాశావు గానీ, రోజూ నువ్వు రాసేది ఏ కాగితం మీదో మాత్రం రాయలేదు. నన్నడిగితే మొదట చూడాల్సింది అదే. చాలామంది ముందు పెన్ను కొంటారు, దాని పక్కన అందంగా కనిపించిన ఇంకు కొంటారు, చివరికి ఆ రెండూ పట్టని కాగితం మీద రాస్తూ పెన్నుని తిడతారు.

బాల్ పెన్ను ఇంకు చిక్కగా, జిడ్డుగా ఉంటుంది కాబట్టి ఏ కాగితం మీదైనా సర్దుకుపోతుంది. ఫౌంటెన్ పెన్నులో ఉండేది చాలావరకు నీళ్లే. కాగితం తయారు చేసేటప్పుడు నీళ్లు గబుక్కున పీల్చుకోకుండా కొన్ని పదార్థాలు కలుపుతారు. ఆ పని సరిగ్గా చేసిన కాగితం మీద ఇంకు పైనే నిలబడి ఆరుతుంది. సరిగ్గా చేయకపోతే పోగుల వెంట పాకి, అక్షరం అంచులకి వెంట్రుకలు మొలిచినట్టు అవుతుంది. వెనకవైపుకి దిగిందంటే ఇక ఆ పేజీ ఒక పక్కకే పనికొస్తుంది. మందంగా ఉంటే చాలనుకోకు. టొమోయ్ రివర్ అనే జపాన్ కాగితం 52 జీఎస్ఎమ్మే (చదరపు మీటరుకి 52 గ్రాముల బరువు), అయినా ఇంకుని చక్కగా ఆపుతుంది. దానికంటే మందమైన కాపీయర్ కాగితాలు కొన్ని ఆపలేవు.

అందుకని నీ ఆఫీసు నోటుబుక్కు, డైరీ రెండూ తీసి, ఎవరి దగ్గరైనా ఇంకు పెన్ను అడిగి తీసుకుని ఆఖరి పేజీలో రాసి చూడు. మామూలుగా ఒక వాక్యం రాయి. పక్కనే ఒకే చోట నాలుగైదుసార్లు గీతలు రుద్దు. పది సెకన్లు ఆగి వేలితో తుడువు, తర్వాత పేజీ తిప్పి వెనక చూడు. అంచులు శుభ్రంగా ఉండి, వెనక్కి దిగకపోతే నీ ఇష్టం, ఏ పాళీ (నిబ్బు) అయినా పెట్టుకోవచ్చు. పాకిందంటే మాత్రం సన్న పాళీ, కాస్త పొడిగా, అంటే తక్కువగా పారే ఇంకు కావాలి. ఆఫీసు కాగితాన్ని నువ్వు ఎలాగూ మార్చలేవు కదా, మిగతావే దానికి తగ్గట్టు ఉండాలి.

ఇక పాళీ. నువ్వు తెలుగు, ఇంగ్లీషు రెండూ రాస్తావు. ఇంగ్లీషుకి మీడియం పాళీ హాయిగా ఉంటుంది. తెలుగు అక్షరాల్లో చిన్న చిన్న గుండ్రాలు ఎక్కువ, కింద వొత్తులు, పైన గుడులు. లావు పాళీతో చిన్న అక్షరాలు రాస్తే ‘ఠ’లో చుక్క చుట్టూ ఉన్న ఖాళీ పూడిపోతుంది, ‘ణ’ మెలికలు కలిసిపోతాయి, ‘ష్ట్ర’ లాంటివైతే ఒక మరకే. నీ చేతిరాత చిన్నదని నాకు తెలుసు కాబట్టి నీకు ఫైన్ పాళీయే నయం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. జపాన్ కంపెనీల ఫైన్, యూరప్ కంపెనీల ఫైన్ ఒకటి కావు. జపాన్ వాళ్ల ఫైన్ సుమారుగా యూరప్ వాళ్ల ఎక్స్‌ట్రా ఫైన్ అంత సన్నగా రాస్తుంది. ఫైన్‌కి గుర్తైన ‘ఎఫ్’ అన్న అక్షరం చూసి కొంటే అనుకున్నదానికంటే లావుగానో సన్నగానో వచ్చి కూర్చుంటుంది.

బంగారు పాళీ మీద మోజు పడకు, ఇప్పుడే వద్దు. కాగితాన్ని తాకేది బంగారమూ కాదు, స్టీలూ కాదు. పాళీ కొసన అతికించిన గట్టి లోహపు చిన్న గుండు ఉంటుంది, అదే తాకుతుంది. రెండు రకాల పాళీలకీ అది ఉంటుంది. బంగారం తుప్పు పట్టదు, కొన్నిటికి కాస్త మెత్తదనం ఉంటుంది, అంతే. కొసనున్న ఆ గుండుని బాగా నూరి, చీలికకి రెండు వైపులా రేకుల్ని సరిగ్గా కూర్చిన స్టీలు పాళీ ఏళ్ల తరబడి రాస్తుంది. కొత్త పెన్ను గీరుతోందంటే చాలాసార్లు ఆ రెండు రేకుల్లో ఒకటి పైకి, ఒకటి కిందకి ఉండటమే కారణం. భూతద్దంలో ఎదురుగా చూస్తే తెలిసిపోతుంది.

పెన్నుల్లో మూడింటి పేర్లు చెప్తాను. లామీ సఫారీ 1980లో బడి పిల్లల కోసం వచ్చింది. వేళ్లు ఆనే చోట చదునుగా చెక్కి ఉంటుంది, అది మూడు వేళ్లతో పద్ధతిగా పట్టుకునేవాళ్లకి వరం. పెన్ను తమకు తోచినట్టు పట్టుకునేవాళ్లకి మాత్రం చికాకు. నువ్వు పెన్నుని కాస్త పక్కకి తిప్పి పట్టుకుంటావు, అందుకే అది చేత్తో పట్టుకుని చూడకుండా కొనకు. పైలట్ మెట్రోపాలిటన్ లోహపు ఒళ్లు, బరువుగా, నునుపుగా ఉంటుంది. ప్లాటినం ప్రెప్పీ చూడ్డానికి ఆటవస్తువులా ఉంటుంది గానీ దాని మూత లోపల స్ప్రింగుతో ఇంకో మూత ఉంటుంది, నెలల తరబడి వాడకపోయినా ఇంకు ఎండిపోదు. రోజూ రాస్తానంటున్నావు, సరే. రాయని వారాలు కూడా వస్తాయిగా! నా ఓటు ప్రెప్పీకే. పాళీ పట్టు దొరికాక మంచిది కొనుక్కో.

ఇంకు నింపే పద్ధతికి ఎక్కువ ఆలోచించొద్దు. పెన్ను లోపల అమర్చే, ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది, కన్వర్టర్ అంటారు; అది ఒకటి తీసుకుని బుడ్డిలోంచి నింపుకో, రంగులన్నీ నీ చేతిలో ఉంటాయి. డ్రాపర్‌తో ఒంట్లోకే నింపే పెన్నులు ఇంకు చాలా పట్టుకుంటాయి, కానీ సగం పైగా ఖాళీ అయ్యాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి ఇంకుని బయటకి నెడుతుంది. పెన్ను కక్కిందంటారే, అది అదే. మీ పెద్దమ్మ ఈరోజుకీ నా చొక్కా జేబులు తడిమి చూశాకే వాషింగ్ మెషిన్‌లో వేస్తుంది.

రంగుల దగ్గరికి వద్దాం, నీకు అసలు సరదా అక్కడే ఉందని తెలుసు. రంగు కంటే ముందు రకం చూడు. మామూలు ఇంకుల్లో నీళ్లలో కరిగే రంగు ఉంటుంది. పెన్నుకి వీటితో బాధ లేదు, కడిగితే పోతాయి, కాగితం తడిసినా పోతాయి. వాషబుల్ రాయల్ బ్లూ ఈ కోవలో మరీ సాధువు, ఎండ తగిలినా వెలిసిపోతుంది. రోజువారీ నోట్సుకి ఫర్వాలేదు గానీ, సంతకాలకీ దాచుకునే డైరీకీ వద్దు. పిగ్మెంట్ ఇంకుల్లో రంగు కరగకుండా సన్నటి రేణువులుగా ఉంటుంది. ఆరాక నీళ్లు పడ్డా చెక్కుచెదరదు. ప్లాటినం కార్బన్ బ్లాక్ అలాంటిదే. కాకపోతే పెన్నులో ఎండనిచ్చావో, వదిలించడం గగనం. మూడోది ఐరన్ గాల్. మాచికాయల్లోని ఆమ్లం, ఇనుప లవణం కలిపి వందల ఏళ్లుగా చేసిన సిరా ఇదే. పెలికాన్ 4001 బ్లూ బ్లాక్ దానికి నేటి రూపం. రాసినప్పుడు నీలంగా ఉంటుంది, గాలి తగిలి క్రమంగా నల్లబడుతుంది. కాస్త పొడిగా పారుతుంది కాబట్టి నాసిరకం కాగితం మీద కూడా పాకడం తక్కువ. ఆమ్ల గుణం ఉంది గనక పెన్నులో నెలల తరబడి వదిలేయకూడదు. నీ ఆఫీసు కాగితం నేననుకున్నంత అధ్వాన్నంగా ఉంటే, నీకు ఇదే సరైన ఇంకు.

షాపుల్లో ఇండియన్ ఇంక్ అని డ్రాయింగుకి అమ్మేది మాత్రం పెన్నులో పోయకు. అందులో లక్క కలుస్తుంది, గడ్డకట్టిందంటే పెన్ను దక్కదు. మెరుపు రేణువులున్న ఇంకులూ సన్న పాళీకి పనికిరావు.

రంగు ఎంచేటప్పుడు బుడ్డి మీది రంగు, కంపెనీ వాళ్లు బ్రష్షుతో పూసి చూపించే రంగు నమ్మకు. సన్న పాళీ కాగితం మీద పెట్టే ఇంకు తక్కువ, అందుకని అదే రంగు ఒక మెట్టు పల్చగా కనిపిస్తుంది. నువ్వు ఇష్టపడిన ఆ లేత రంగు బ్రష్షు పూతలో అద్భుతం. ఫైన్ పాళీతో రాసి, రాత్రి బల్ల దీపం కింద చదవబోతే కళ్లు నొప్పెడతాయి. రోజూ రాసేదానికి ముదురు రంగులే మేలు: నీలం, బ్లూ బ్లాక్, ముదురు ఆకుపచ్చ, ముదురు గోధుమ. ఎరుపు, ఊదా వాడితే పారదర్శకమైన ఒళ్లున్న పెన్నులకి మరక పట్టేస్తుంది. ముందు ఒకే రంగు బుడ్డి తెచ్చుకో. అది సగం అయ్యేదాకా రెండోది వద్దు. రెండు ఇంకులు పెన్నులో కలపకు, కొన్ని కలిస్తే అడుగున మడ్డి దిగుతుంది.

చెయ్యి సంగతి కూడా చెప్పాలి. బాల్ పెన్ను అలవాటుతో నొక్కుతావు, నొక్కొద్దు. పాళీ చీలికలోంచి, దాని కిందున్న ఫీడ్‌లో దువ్వెన పళ్లలా ఉండే సందుల్లోంచి ఇంకు తనంతట తనే దిగుతుంది, నువ్వు పెన్నుని కాగితం మీద ఆనిస్తే చాలు. గట్టిగా నొక్కితే రేకులు విడిపోయి గీత చెడుతుంది. కొత్త పెన్ను కొన్న రోజే చన్నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి కడుగు, తయారీలో అంటిన నూనె ఉంటే పోతుంది. తర్వాత రంగు మార్చినప్పుడల్లా నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగితే సరిపోతుంది. వేడినీళ్లు, స్పిరిట్ వాడకు. ఇంకు బుడ్డిలో తెట్టు కట్టినా, వాసన వచ్చినా పారెయ్యి.

వచ్చే నెల విమాన ప్రయాణం ఉందన్నావు. పెన్ను నిండా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ తీసుకెళ్లు. సగం ఉంటే పైకి వెళ్లాక లోపలి గాలి ఉబ్బి కక్కుతుంది. పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టుకో, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మూత తీయకు. రాసి చూసిన ఆ రెండు పేజీల ఫొటోలు, వెనకవైపుతో సహా, వెళ్లేలోపే పంపించు. చూసి ఫైనో, ఎక్స్‌ట్రా ఫైనో చెప్తాను.

మీ
పెదనాన్న