పాత ఇసుకను కెలకవద్దు, కొత్త ఇసుకను కుమ్మరించవద్దు

చిరంజీవి చిన్నమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నిరుడు నువ్వు ఉప్పునీటి అక్వేరియం కొన్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట అనలేదేమిటే? అమ్మిన వాళ్ల దగ్గర నాలుగంగుళాల మందం ఉన్న ఇసుక ఇప్పుడు రెండున్నరకు దిగిందని, ఈ ఆదివారం పాతదంతా కలియబెట్టి కడిగి, కొత్త ఇసుక నింపుతావని కూడా చెప్పింది. సముద్రపు చేపలను ఏడాదిపాటు బతికించడం చిన్న విషయం కాదు. గర్వంగా ఉంది. అయితే "కలియబెట్టి" అన్న మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. కొత్త ఇసుకను బకెట్లో వేసి నీళ్లు తేటపడేదాకా కడుగు. చివరి కడుగు ఆర్వో నీళ్లతో పెట్టు. ఇసుక వేసే ముందు పంపులు ఆపు, దుమ్ము అడుక్కి దిగాకే పంపులు మళ్లీ వెయ్యి. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

బీచ్ దగ్గరే కదా అని అక్కడి నుంచి మాత్రం ఇసుక తేవద్దు. మన విశాఖ తీరంలో ఇసుక చాలావరకు క్వార్ట్జ్, నీటికి కాల్షియం ఇవ్వదు. అల వెనక్కి పోయాక నల్లటి చారలు మిగులుతాయి చూడు, అది ఇల్మనైట్ అనే ఖనిజం. అందులో ఇనుము ఉంటుంది. ఎర్రగా మెరిసేది గార్నెట్. పైగా ఊరి కాలువలన్నీ కలిసే తీరం అది. అక్కడ ఇసుక తవ్వి తీసుకెళ్లడం నిబంధనలకు విరుద్ధం కూడా. ఎవరైనా పగడపు ముక్కలు ఇస్తామన్నా ముట్టుకోకు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలు రక్షిత జీవులు.

నీకు కావలసింది అరగొనైట్ ఇసుక, అంటే కాల్షియం కార్బొనేట్ గింజలు. దుకాణంలో బస్తా కొన్నాక ఒక చెంచాడు గాజు గిన్నెలో వేసి నాలుగు చుక్కల వెనిగర్ పోసి చూడు. అసలైనదైతే బుసబుసమని పొంగుతుంది. నీ ఇసుక తరగడానికి ఆమ్లానికి కరిగే ఆ గుణమూ ఒక కారణం. అడుగు పొరల్లో బ్యాక్టీరియా పని వల్ల ఆమ్లత్వం పెరుగుతుంది, గింజలు మెల్లగా కరిగి కాల్షియాన్ని, క్షారత్వాన్ని నీళ్లకు ఇస్తాయి. కొంత నువ్వు గొట్టంతో శుభ్రం చేసినప్పుడు కూడా పోయి ఉంటుంది. తరిగినందుకు కంగారు పడకు.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు, నేను చెప్పానని అడగకు కూడా.

నీ బారసాల ముందు రోజు. చిన వాల్తేరు ఇల్లంతా చుట్టాలు. హాల్లో మీ నాన్న ప్రాణంగా పెంచుకున్న ఉప్పునీటి ట్యాంకు ఉండేది. ఇసుక అయిదంగుళాలు, ఏళ్ల నాటిది. అద్దం పక్కనుంచి చూస్తే కిందంతా నల్లటి పట్టీలా కనిపించేది. చుట్టాలు చూస్తే బాగుండదని వాడికి అనిపించింది. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి, మోచేయి దాకా చెయ్యి ముంచి, అడుగు నుంచి పైకి తిరగేశాడు. నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. ఇల్లంతా కుళ్లిన గుడ్డు వాసన. వంటింట్లో ఏం పాడైందో చూడమని మీ నానమ్మ కేకేసింది. నాకు మాత్రం వాసన తెలిసిపోయింది. డ్రెడ్జర్ మీద పనిచేసేవాణ్ణి కదా, హార్బరు అడుగు బురద తోడినప్పుడు ముక్కుకు తగిలేది అదే. హైడ్రోజన్ సల్ఫైడ్.

ప్రాణవాయువు అందని లోతుల్లో కొన్ని బ్యాక్టీరియా, చేపల వ్యర్థాల నుంచి పేరుకునే నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి పైకి పంపేస్తాయి. లోతైన ఇసుక వల్ల మనకు ఒరిగే మేలు అదే. ఆ చీకట్లోనే మరికొన్ని బ్యాక్టీరియా ఈ విషవాయువును పుట్టిస్తాయి. కదపనంతవరకు అది అక్కడే ఉంటుంది. కదిపితే విషమూ, ఏళ్ల తరబడి పేరుకున్న కుళ్లూ ఒక్కసారిగా నీళ్లలోకి వస్తాయి. ఉన్న ప్రాణవాయువును అవే తాగేస్తాయి.

రాత్రి పదింటికి చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. ఉన్న ఉప్పునీళ్లన్నీ మార్చాం. మీ నాన్న చెంబుతో ట్యాంకు నీళ్లే ఎత్తి మళ్లీ అందులోకి పోస్తూ, గాలి కలిస్తే బతుకుతాయేమోనని తెల్లవార్లూ నిలబడ్డాడు. ఒక్కటీ మిగల్లేదు. పొద్దున్నే స్నానం చేసి, ఎర్రబడ్డ కళ్లతో నిన్ను ఒళ్లో పెట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ట్యాంకు జోలికే పోలేదు. వాడికి తెలివి లేక కాదమ్మా, శుభ్రమంటే వాడికి పిచ్చి. నీకూ ఆ పిచ్చి ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి అడుగు ఇసుక జోలికి వెళ్లవద్దు. కొత్తది పైన వేస్తే చాలు, అదీ కొద్ది కొద్దిగా. నీ ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అని మీ అమ్మ చెప్పింది కాబట్టి సెంటీమీటరు మందానికి సుమారు ఆరు కిలోలు పడుతుంది. మొదటి వారం అంతే వెయ్యి. ఇసుకలో బతికే పురుగులు, నత్తలు పైకి దారి చేసుకోవాలి కదా. పాతిక కిలోలు ఒకేసారి కుమ్మరిస్తే అవి అడుగునే చచ్చి కుళ్లుతాయి. వారానికో పదిరోజులకో మళ్లీ అంతే. పీవీసీ గొట్టాన్ని నిలువుగా పాత ఇసుక పైదాకా మాత్రమే దించి, అందులోంచి గిన్నెతో పోస్తే నీళ్లు కలగవు, ఇసుక కావలసిన చోటే పడుతుంది.

ఒకసారి నింపితే అయిపోతుందని కూడా అనుకోకు. మన ఔటర్ హార్బరు బ్రేక్‌వాటర్లు, అంటే అలలను ఆపే రాతి గోడలు, దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుకను ఆపేశాయి. అక్కడ పేరుకున్నది డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తూనే ఉండాలి. మేం పోసింది అలలు తీసుకుపోయేవి, మళ్లీ పోసేవాళ్లం. నీ ట్యాంకుకూ ఏడాదికోసారి ఇసుక కొలిచి, తరిగినంత వెయ్యి.

నాకున్న ఇంకో భయం కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే ఇసుకలోని కోట్లాది ప్రాణులు చేపలతో పోటీపడి ప్రాణవాయువు తాగేస్తాయి. ఇసుక పెంచుతున్నావంటే ఆ ప్రాణులనూ పెంచుతున్నావు. మే నెల ఉక్కలో నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపులు రెండు కొని పెట్టుకో. డబ్బులు నేనిస్తాను, వద్దనకు.

ఆదివారం పొద్దున్నే భీమిలి నుంచి బస్సెక్కి వస్తాను. గొట్టం కోసి నేనే తెస్తాను. నేను వచ్చేదాకా ఇసుక బస్తా విప్పవద్దు. అట్లకాడను ఆ గదిలోకే రానివ్వకు. మీ అమ్మతో నాకు కాఫీలో చక్కెర వేయవద్దని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న