ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్‌లలో అగ్రస్థానం ఎవరిది?

ప్రశ్న: శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వల్ల నాకూ అమెరికన్ ఫుట్‌బాల్ చూడడం అలవాటైంది. అక్కడి ఫార్టీనైనర్స్ జట్టు చరిత్రలో ఉత్తమ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) స్టీవ్ యంగేనని వాడంటాడు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ అబ్బాయి మాటలో బలముంది. అయినా నేను మొదటి స్థానం జో మోంటానాకే ఇస్తాను. 1979లో, జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మూడో రౌండులో 82వ ఆటగాడిగా ఎంపికైన ఆయన జట్టుకు నాలుగు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజయాలు అందించారు. ఆ నాలుగింటిలో కలిపి 122 పాసులు విసిరి, వాటితో 11 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి చేసే స్కోరు) సాధించి, ఒక్క బంతిని కూడా ప్రత్యర్థుల చేతికి చిక్కనివ్వలేదు. 1989 జనవరి సూపర్ బౌల్‌లో సిన్సినాటి జట్టు చేతిలో 13–16తో వెనుకబడి, మూడు నిమిషాల పైచిలుకు సమయమే మిగిలినప్పుడు, జట్టును 92 గజాలు నడిపించి, 34 సెకన్లుండగా జాన్ టేలర్‌కు విజయపు పాస్ అందించిన ఆ నిబ్బరాన్ని ఏ గణాంకమూ పట్టి చూపలేదు. మన ప్రాంతంలో కోడి రామ్మూర్తినాయుడు గారి బలాన్ని తలచుకున్నట్లే, అక్కడి అభిమానులు ఆ ఘట్టాన్ని తలచుకుంటారు.

ఎడమచేతి వాటం యంగ్ రెండోవారు. 1992, 1994లలో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి, 1995 జనవరి సూపర్ బౌల్‌లో ఆరు టచ్‌డౌన్ పాసులు వేశారు. పరుగులో మోంటానా కన్నా ఆయనే మిన్న. అయితే ఆయన చేతికి వచ్చింది అప్పటికే విజయాలకు అలవాటుపడిన జట్టు.

మూడో స్థానం జాన్ బ్రోడీది. 1957 నుంచి 1973 వరకు ఒకే జట్టుకు ఆడి, 1970లో లీగ్ అత్యుత్తమ ఆటగాడైన ఆయనను సూపర్ బౌల్ ఆడలేదన్న కారణంతో మరచిపోవడం అన్యాయం. 2022లో చిట్టచివరి, 262వ ఆటగాడిగా ఎంపికైన బ్రాక్ పర్డీని మాత్రం ఇప్పుడే ఈ వరుసలో చేర్చను.