ఖర్జూరం పాకంలాంటి వైన్

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. లోడై దగ్గర ఒక వైనరీవాళ్ల 2021 పంట జిన్‌ఫండెల్ (అదే పేరున్న నల్లద్రాక్షతో చేసే ఎర్ర వైన్) తెగ నచ్చి, 2022ది రుచి చూడకుండానే ఆరు సీసాలు కొన్నాం. తీరా ఒకటి తెరిస్తే ఖర్జూరం పాకంలా ఉంది, గొంతులో మంట. ఆవకాయ అన్నంతో అయితే అసలు మింగుడు పడలేదు. పాడైపోయిందంటారా?

జవాబు: పాడవలేదండీ. పాడైతే తడిసిన అట్టపెట్టె వాసనో, వెనిగర్ ఘాటో వస్తుంది. మీరు తాగింది మిగలపండిన ద్రాక్షతో చేసిన వైన్.

జిన్‌ఫండెల్‌తో ఈ గొడవ ఎప్పుడూ ఉన్నదే. ఓ సెప్టెంబర్‌లో లోడై తోటలో ఒక గుత్తి కోసి చూశాను. ఒక పక్క కిస్మిస్‌లా ముడుచుకుపోయింది, రెండో పక్క ఇంకా గులాబీ రంగులో గట్టిగానే ఉంది. ముడుచుకున్నది తింటే తేనె. గట్టిది కొరికితే పళ్లు పులిశాయి. ఆ పచ్చివి పండేదాకా ఆగితే పండినవి ఎండిపోతాయి. పులుపు పోయి తీపి చిక్కబడుతుంది, ఆ తీపే ఆల్కహాల్ అవుతుంది. 24 బ్రిక్స్ (ద్రాక్షరసంలో తీపి ఎంతుందో చెప్పే కొలత) దగ్గర కోస్తే ఆల్కహాల్ సుమారు 14 శాతం, 28 దాకా ఆగితే 16 పైమాటే.

పైగా 2022 సెప్టెంబర్ మొదట్లో ఎండలు గుర్తున్నాయిగా? 6వ తేదీన శాక్రమెంటోలో 116 డిగ్రీల ఫారెన్‌హీట్! ఆ వారానికి ముందు కోసినవాళ్లు బతికిపోయారు. మీ వైనరీ ఆగిందనే నా అనుమానం. ఏటా ఒకేలా చెయ్యని వాళ్ల దగ్గర పేరు చూసి అరడజను కొనడం, మామిడిపండ్లు వాసన చూడకుండా బుట్టెడు కొన్నట్టే. కనీసం లేబుల్ మీద ఆల్కహాల్ చూడండి. 14 శాతం దాటినవాటికి అమెరికా చట్టం ఒక శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. అంటే 14.5 అని రాసున్నది 15.5 కూడా కావచ్చు.

ఇక ఆవకాయ. దాని పులుపు ముందు ఈ వైన్‌లో మిగిలిన కాస్త పులుపూ తెలీదు, కారమేమో ఆల్కహాల్ మంటను ఎగదోస్తుంది. తప్పు సగం ఆవకాయదే!

మిగిలిన ఐదూ తిరిగి ఇవ్వక్కర్లేదు. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, మంట కాస్త అణుగుతుంది. కారం తగ్గించి కాల్చిన మటన్ చాప్స్‌తో తాగి చూడండి. దాచిపెట్టకండి, పులుపు లేని వైన్ ఏళ్లు గడిస్తే ఇంకా చప్పబడుతుంది.